పురుగు నరంలో తూము

నల్లపాడు దగ్గర రైలు దారి రెండుగా చీలుతుంది. ఒకటి నరసరావుపేట మీదుగా నంద్యాల వైపు, రెండోది సత్తెనపల్లి మీదుగా నడికుడి వైపు. ఏ దారిన వెళ్లినా కిటికీలోంచి కనిపించేవి నల్లరేగడి నేలలు, పత్తి చేలు, మిరప తోటలు. ఏ ఊళ్లో దిగినా పురుగుమందుల షాపు మాత్రం తప్పకుండా ఉంటుంది. బీరువాల నిండా సీసాలు, డబ్బాలు. ఒకదాని మీద పులి బొమ్మ, ఇంకోదాని మీద కత్తి, మరోదాని మీద మెరుపు.

'బాబాయ్, తోటకి పైముడతొచ్చింది. మొన్నిచ్చిన మందు పన్జెయ్యలా. వేరేదియ్యి' అంటాడు రైతు. షాపాయన ఇంకో రంగు డబ్బా తీసిస్తాడు. పేరు వేరు, కంపెనీ వేరు, ధర వేరు. కానీ పురుగు ఒంట్లోకి వెళ్లాక ఆ రెండూ పట్టుకునే చోటు ఒకటే అయితే? పులి బొమ్మకు లొంగని పురుగు కత్తి బొమ్మకు మాత్రం ఎందుకు లొంగుతుంది?

ఆ 'చోటు' కథే ఇది. మన తాతల నాటి ఎండ్రిన్ నుంచి నిన్నమొన్న వచ్చిన ఖరీదైన మందుల దాకా ఎన్నో విషాలు పురుగు నరంలోని ఒకటి రెండు సూక్ష్మ ద్వారాల దగ్గరే పనిచేస్తున్నాయి. మామూలు కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికి కూడా అవి కనిపించవు.

లస్కరు వస్తేనే నీళ్లు

సాగర్ కుడికాలువ కింద సేద్యం చేసేవాళ్లకు తూము సంగతి చెప్పక్కర్లేదు. కాలువ నిండా నీళ్లున్నా లస్కరు వచ్చి షట్టరు ఎత్తితేనే చేలోకి పారతాయి. నరాల్లోనూ అలాంటి తూములున్నాయి. నరానికి లోపల, బయట ఉప్పునీరే. ఆ ఉప్పులోని సోడియం రేణువులు లోపలికి దూసుకొస్తే నరంలో విద్యుత్తు పుడుతుంది... 'కదులు' అనే కబురు బయల్దేరుతుంది. అదే ఉప్పులోని రెండో సగం, క్లోరైడ్ రేణువులు లోపలికొస్తే నరం చల్లబడుతుంది. 'ఇక చాలు, ఆగు' అని అర్థం.

ఈ క్లోరైడ్ తూము అయిదు మాంసకృత్తు ముక్కలు గుండ్రంగా నిలబడితే ఏర్పడిన గొట్టం. మధ్యలో సన్నటి రంధ్రం. మామూలుగా మూసే ఉంటుంది. పక్క నరం నుంచి 'గాబా' అనే రసాయనం వచ్చి తగులుకుంటే తెరుచుకుంటుంది. మన కథలో లస్కరు ఈ గాబానే.

ఆగమని చెప్పడం చిన్న పనేం కాదు. గొంగళిపురుగు ఆకు మీద పాకాలంటే ఒక కండరం బిగిసేటప్పుడు ఇంకోటి సడలాలి. సడలమని చెప్పేవాడు లేకపోతే అన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. ఇక పురుగు నడవలేదు, తినలేదు. వణికి వణికి చస్తుంది. బ్రేకులు ఫెయిలైన లారీ ఎంత దూరం పోతుందో అంతే దాని ఆయుష్షు.

మనుషుల మెదడులోనూ గాబా ఉంది, తూములూ ఉన్నాయి. నిద్రమాత్ర వేసుకున్నా, మద్యం తాగినా మత్తు కమ్మడంలో ఈ తూములకు పెద్ద భాగమే ఉంది. కానీ 'ఆగు' అనే కబురు మోసేది గాబాయేనని మొదట గట్టిగా చెప్పింది మనిషి కాదు. రొయ్య చుట్టం!

1950ల మొదట్లో ఎర్నెస్ట్ ఫ్లోరీ అనే శాస్త్రవేత్త పశువుల మెదడు నుంచి తీసిన సారాన్ని మంచినీటి రొయ్యకు దగ్గరి బంధువైన క్రేఫిష్ నరం మీద వేశాడు. చకచకా కొట్టుకుంటున్న నరం ఠక్కున ఆగిపోయింది. ఆ సారంలోని సరుకేమిటో అప్పటికి తెలియదు కాబట్టి 'ఫ్యాక్టర్ ఐ' అని పేరు పెట్టాడు. అది గాబాయేనని 1957లో ఫ్లోరీ, ఆయన సహచరులు తేల్చారు. 1960లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కుఫ్లర్, క్రావిట్జ్ బృందం సముద్రపు లాబ్‌స్టర్ మీద పనిచేసి, కండరాన్ని ఆపే నరాల్లోనే గాబా దండిగా ఉందని చూపింది. వాటి నరాలు లావుగా, ఒక్కొక్కటిగా విడదీయడానికి వీలుగా ఉంటాయి మరి.

కాకమారి నుంచి ఎండ్రిన్ దాకా

తూమును పాడుచేసే విద్య మనిషికి కొత్త కాదు. దక్షిణాది అడవుల్లో కాకమారి అనే తీగ ఉంది. దాని కాయలు నూరి నీళ్లలో కలిపితే చేపలు మత్తెక్కి పైకి తేలతాయి. చేపలు పట్టడానికి ఇది పాత ఉపాయం. ఆ కాయలోని విషం పేరు పిక్రోటాక్సిన్. క్లోరైడ్ తూము రంధ్రంలో బెండులా బిగుసుకుంటుంది. లస్కరు వచ్చి షట్టరు ఎత్తినా చుక్క పారదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చిన కొత్త పురుగుమందుల్లో కొన్ని, వాటిని తయారుచేసినవాళ్లకు తెలియకుండానే, ఇదే బెండు పని చేశాయి. గమాక్సిన్ అని మన ఇళ్లలో చల్లిన పొడి, ఆల్డ్రిన్, డీల్డ్రిన్, ఎండ్రిన్, ఆ తర్వాత ఎండోసల్ఫాన్... అన్నీ ఆ తూములో బిగుసుకునేవే. ఈ సంగతి బయటపడింది 1980లలో. పిక్రోటాక్సిన్ అంటుకునే చోటే ఇవీ అంటుకుంటున్నాయని బొద్దింకల నరాల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. అప్పటికే వాటిని చేలల్లో కొట్టడం మొదలై ముప్పయ్యేళ్లు దాటింది.

ఎండ్రిన్ పేరు వినని పాత తరం కోస్తా జిల్లాల్లో ఉండదు. పురుగుకంటే మనిషి చావుతోనే ఆ పేరు ఎక్కువ ముడిపడింది. 1990లో మన దేశంలో దాన్ని నిషేధించారు. గమాక్సిన్ జాతి బీహెచ్‌సీ 1997లో పోయింది. ఎండోసల్ఫాన్ మాత్రం ఇంకా చాలాకాలం నిలిచింది. కేరళలోని కాసరగోడ్‌లో జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లతో ఏళ్ల తరబడి చల్లిన ఎండోసల్ఫాన్, అక్కడి పిల్లల అనారోగ్యం దేశమంతా చర్చకొచ్చాయి. చివరికి 2011 మే 13న సుప్రీంకోర్టు దాన్ని ఆపేయమంది.

ఈ మందులు తాగిన మనిషికి ఫిట్స్ ఎందుకొస్తాయో ఇప్పుడు అర్థమైపోతుంది. మన మెదడులోనూ గాబా తూములే మూసుకుపోతాయి. ఆగమనేవాడు లేక మెదడంతా ఒకేసారి రగులుతుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి రికార్డులు పరిశీలించి 2005లో వెలువరించిన ఓ అధ్యయనంలో, ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం రెండు మందులవే... మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. రెండూ పురుగుమందులే. కానీ వైద్యం పూర్తిగా వేరు. మోనోక్రోటోఫాస్‌కు అట్రోపిన్ ఎక్కిస్తారు. ఎండోసల్ఫాన్‌కు విరుగుడు లేదు, ఫిట్స్ ఆపడమే వైద్యం. అందుకు వాడే డయజెపామ్ జాతి మందులు ఎక్కడ పనిచేస్తాయో తెలుసా? అదే తూము దగ్గర, గాబాకు చేయూతగా. విషమూ వైద్యమూ ఒకే షట్టరును చెరో వైపు లాగుతున్నాయన్నమాట.

అందుకే ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు సీసా కూడా పట్టుకెళ్లాలి. దాని మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు డాక్టరుకు పెద్దగా పనికిరాదు. కింద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు కావాలి. ఉప్పునీళ్లు పోసి కక్కించే ప్రయత్నం మాత్రం వద్దు. ఫిట్స్ వచ్చే మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో ప్రమాదం తెస్తుంది.

ఆరొందల్లో ఒక్కటి

ఇక పురుగు చేసిన తిరుగుబాటు. అమెరికాలో రిచర్డ్ ఫ్రెంచ్-కాన్‌స్టంట్ అనే కీటక శాస్త్రవేత్త డీల్డ్రిన్‌కు లొంగని పండు ఈగల్ని పట్టుకుని, వాటి మొండితనం ఏ జన్యువులో ఉందో వెతికాడు. 1991లో జన్యువు దొరికింది. తీరా చూస్తే అది గాబా తూమును తయారుచేసే జన్యువే! 1993లో అసలు మార్పూ బయటపడింది. తూము ముక్క ఒక్కోటి సుమారు ఆరొందల ఎమినో ఆమ్లాల గొలుసు. అందులో 302వ స్థానంలో అలనిన్ ఉండాల్సిన చోట సెరిన్ ఉంది. అంతే తేడా. ఆరొందల పూసల దండలో ఒక్క పూస మారింది. సరిగ్గా రంధ్రం అంచున ఉండే పూస. దాంతో బెండు బిగుసుకోదు, జారిపోతుంది. గాబా మాత్రం ఎప్పట్లాగే షట్టరు ఎత్తుతుంది. పురుగు హాయిగా బతుకుతుంది.

మరింత ఆశ్చర్యం తర్వాత జరిగింది. డెంగీ మోసే దోమలో, గోధుమపిండి పురుగులో, తెల్లదోమలో, కాఫీ కాయ తొలిచే పురుగులో... ఎక్కడ వెతికినా అదే స్థానంలో మార్పు. వీటిలో ఏ ఒక్కటీ ఇంకోదాన్ని చూసి నేర్చుకోలేదు. ఎవరి చేలో వాళ్లు అదే జాతి మందు కొట్టారు, ఎవరి పురుగు దానంతట అదే అదే కిటుకు కనిపెట్టింది. 'కనిపెట్టింది' అనడం మాట వరసకే. కోట్ల పురుగుల్లో ఎక్కడో ఒకదానికి పుట్టుకతోనే ఆ మార్పు ఉంటుంది. మందు కొట్టిన ప్రతిసారీ మిగతావి పోయి అది మిగులుతుంది. మర్నాటి సంతానమంతా దానిదే.

ఇలాంటి దెబ్బ ఈ నేలకు తెలియంది కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని శనగపచ్చ పురుగు తినేస్తుంటే సింథటిక్ పైరిథ్రాయిడ్లు ఎంత కొట్టినా ఫలితం లేకపోయింది. పదిసార్లు, పదిహేనుసార్లు కొట్టిన రైతులకు కాయ మిగల్లేదు, అప్పు మిగిలింది. ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. పైరిథ్రాయిడ్లు దెబ్బతీసేది క్లోరైడ్ తూమును కాదు, సోడియం తూమును. ద్వారం వేరైనా గుణపాఠం అదే. ఆ పురుగు పైరిథ్రాయిడ్లకు మొద్దుబారిందని అప్పట్లో సేకరించిన నమూనాల మీద చేసిన పరీక్షల్లో రుజువైంది.

1993లో ఫ్రాన్స్‌కు చెందిన రోన్-పౌలెంక్ కంపెనీ ఫిప్రోనిల్‌ను మార్కెట్లోకి తెచ్చింది. రసాయనంగా చూస్తే ఎండోసల్ఫాన్‌తో పోలికే లేదు. మోతాదూ చాలా తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, మనిషి తూముకంటే పురుగు తూమును ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. మిరపలో తామర పురుగులకు, పత్తిలో పచ్చదోమకు, వరిలో కాండం తొలిచే పురుగుకు, వంటింట్లో బొద్దింకలకు, కుక్క మెడ మీద వేసే పిడుదుల చుక్కల మందులో... అంతటా అదే. అయితే అది కూచునేది కూడా ఆ పాత తూములోనే. డీల్డ్రిన్ కాలంలో పూస మార్చుకున్న పురుగుల్లో కొన్ని దీనికీ కొంత తట్టుకున్నాయి. తేనెటీగలకు, రొయ్యలకు దీనితో పెద్ద ప్రమాదం. తేనెటీగల కోసమే 2013లో ఐరోపా సమాఖ్య దీని వాడకానికి కళ్లెం వేసింది. 2017లో అక్కడి కోళ్ల షెడ్లలో అక్రమంగా వాడిన ఫిప్రోనిల్ గుడ్లలో తేలి లక్షలాది గుడ్లు పారబోయాల్సి వచ్చింది. మిర్చి ఎగుమతి చేసేవాళ్లు మందుల అవశేషాల పరీక్షలంటే ఉలిక్కిపడేది ఇలాంటి అనుభవాల వల్లే.

మనకు లేని తూము

పురుగులకు ఇంకో రకం క్లోరైడ్ తూము ఉంది. దాని లస్కరు గాబా కాదు, గ్లుటమేట్. నూడుల్స్‌లో రుచికి వేసే అజినోమోటో ఉంది చూశారూ, అందులోది ఈ గ్లుటమేటే. మన మెదడులో గ్లుటమేట్ పని నరాన్ని రెచ్చగొట్టడం. పురుగులు, నల్లులు, ఏలికపాముల జాతి మాత్రం అదే గ్లుటమేట్‌ను కొన్ని చోట్ల 'ఆగు' అనడానికి వాడుకుంటాయి. ఈ గ్లుటమేట్-క్లోరైడ్ తూము మనిషికి లేదు, ఎద్దుకు లేదు, కోడికి లేదు. మందు తయారుచేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే తూము సంగతి తెలిసి మందు చేయలేదు. మందే ముందు దొరికింది. 1970లలో జపాన్ శాస్త్రవేత్త సతోషి ఒమురా, ఇటో పట్టణంలో గోల్ఫ్ మైదానం దగ్గరి మట్టి నుంచి ఓ సూక్ష్మజీవిని వేరుచేశాడు. అమెరికాలో మెర్క్ కంపెనీలో విలియం క్యాంప్‌బెల్ బృందం దాన్ని పరీక్షిస్తే ఎలుకల కడుపులోని పాములు చచ్చాయి. ఆ సరుకు అవర్‌మెక్టిన్. దాన్ని కాస్త మార్చితే ఐవర్‌మెక్టిన్ అయింది. 1981లో పశువుల మందుగా వచ్చింది. మన పశువుల ఆసుపత్రుల్లో గజ్జికి, పిడుదులకు వేసే సూది అదే. ఒమురా, క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ వచ్చింది. మందు పట్టుకునే గ్లుటమేట్ తూము మాత్రం 1994లో గానీ దొరకలేదు. 2011లో హిబ్స్, గువో అనే ఇద్దరు, తూముకు ఐవర్‌మెక్టిన్ అంటుకుని ఉన్న చిత్రాన్ని అణువుల స్థాయిలో గీసి చూపించారు. ముక్కకూ ముక్కకూ మధ్య సందులో మేకులా దిగి, తూమును తెరిచే ఉంచుతోంది.

ఇది ఎండోసల్ఫాన్‌కు సరిగ్గా ఎదురు. అది తూము మూస్తుంది, పురుగు వణుకుతుంది. ఇది తూమును తెరిచి వదిలేస్తుంది, క్లోరైడ్ వరదై పారుతుంది, పురుగు చచ్చుబడిపోతుంది. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు పిల్లలకు ఏలికపాములకు పైపరజీన్ సిరప్ తాగించేవారు. అదీ ఇలాంటిదే. పాము కండరంలోని గాబా తూముల్ని తెరిచి దాన్ని మెత్తబరిచేది. పట్టు వదిలిన పాము బతికుండగానే బయటపడేది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో బోదకాలుకు వెలికితీయించిన హెట్రజాన్ కూడా పైపరజీన్ కుటుంబానిదే, పని తీరు వేరైనా. మన దేశంలో 2018 నుంచి కొన్ని జిల్లాల్లో బోదకాలు నివారణకు ఆ మందును, ఐవర్‌మెక్టిన్‌ను, ఆల్బెండజోల్‌ను కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు.

చేలోకి వస్తే ఈ కుటుంబం పేరు ఎమామెక్టిన్ బెంజోయేట్. కాయతొలుచు పురుగుకు బాగా తెలిసిన మందు. దీనితో ఓ చిక్కుంది. పొద్దున కొట్టి సాయంత్రం చేలోకి వెళ్తే పురుగు ఆకు మీదే ఉంటుంది. 'చావలేదు' అనుకుని రైతు మర్నాడు ఇంకోటి కొడతాడు. నిజానికి తూములు తెరుచుకున్న ఆ పురుగు కొద్ది గంటల్లోనే తినడం మానేసింది. చావడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. పురుగు ఉందా అని కాదు, ఆకు తరుగుతోందా అని చూడాలి. ఆ రెండో మందు డబ్బులు చాలాసార్లు దండగే.

మనకు ఆ తూము లేదు కదా అని ఎమామెక్టిన్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. ఎక్కువ మోతాదులో మెదడులోకి చేరితే మన గాబా తూముల్నే తెరుస్తుంది. ఫిట్స్ బదులు మగత, ఆపై కోమా. మెదడుకు ఉండే కాపలా మామూలుగా దాన్ని లోపలికి రానివ్వదు. కోలీ జాతి కుక్కల్లో కొన్నింటికి పుట్టుకతో ఆ కాపలా సరిగా ఉండదు, అందుకే వాటికి ఐవర్‌మెక్టిన్ పడదు. పురుగులు దీన్నీ వదల్లేదు. ఎర్రనల్లిలో గ్లుటమేట్ తూములో పూస మారిన జాతులు ఇప్పటికే దొరికాయి.

నల్ల తామర పురుగు

2021-22 మిర్చి రైతులకు మరిచిపోలేని ఏడు. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మన దేశంలో మొదటిసారి గుర్తించిన కొత్త రకం తామర పురుగు ఉన్నట్టుండి మిరప పూల మీద పడింది. శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పినస్. మన రైతులు నల్ల తామర పురుగు అన్నారు. పాత తామర పురుగు ఆకును ముడిచేది. ఇది పువ్వులో దూరి పూతనే రాల్చేసింది. రెండు రోజులకోసారి మందు కొట్టినవాళ్లున్నారు. తోట పీకేసినవాళ్లున్నారు. దొరికిన మందల్లా దొరికిన మందుతో కలిపి ట్యాంకులో పోశారు. 'బయో' పేరుతో అమ్మిన సీసాల్లోనూ రసాయన మందులు బయటపడిన సందర్భాలున్నాయి. అంటే రైతు మార్చాననుకున్న మందు మారలేదన్నమాట. పువ్వులో పురుగును తినే మిత్రపురుగులు మాత్రం ముందే పోయాయి.

మందుల్ని పురుగు ఒంట్లో పనిచేసే చోటును బట్టి విడదీసే అంతర్జాతీయ పట్టిక ఒకటుంది. ఐరాక్ అనే నిపుణుల కమిటీ దాన్ని నడుపుతోంది. అందులో ఎండోసల్ఫాన్, ఫిప్రోనిల్ రెండూ 2వ గ్రూపు. అబామెక్టిన్, ఎమామెక్టిన్ 6. పైరిథ్రాయిడ్లు 3, ఇమిడాక్లోప్రిడ్ 4, స్పైనోసాడ్ 5. 2 కొట్టాక మళ్లీ 2 కొడితే, బొమ్మ ఏదైనా, రైతు మందు మార్చినట్టు కాదు. లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లయినా, ఊరికొచ్చే వ్యవసాయాధికారైనా మందులు మార్చి మార్చి కొట్టమనేది ఈ అర్థంలోనే. దాంతోపాటు నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె, చుట్టూ జొన్న వరసలు. చిన్నక్షరాల్లోని అసలు పేరును షాపు దగ్గరే చదవడం అలవాటైతే ఆ గ్రూపేదో షాపాయన్నే అడగొచ్చు. చెప్పలేకపోతే ఆ డబ్బా అక్కడే పెట్టి రావచ్చు.

ఇప్పుడు ఈ తూముకే కొత్త తరం మందులొచ్చాయి. బ్రోఫ్లానిలైడ్, ఫ్లక్సామెటమైడ్. మిరపలో తామర పురుగులకు వీటి పేరు బాగా వినిపిస్తోంది. ఇవీ గాబా తూమునే మూస్తాయి. కానీ పాత బెండు దూరే చోట కాదు, తూములోనే వేరే సందులో దిగుతాయి. అందుకే 302వ పూస మార్చుకున్న పురుగులు కూడా వీటికి లొంగుతున్నాయి. ఐరాక్ వీటికి వేరే నెంబరు ఇచ్చింది, 30. అయితే పండు ఈగ తూమును తీసుకుని 336వ స్థానంలో ఒక్క పూస మార్చి చూశారు జపాన్ శాస్త్రవేత్తలు. బ్రోఫ్లానిలైడ్ జాతి మందు దాని మీద పనిచేయలేదు. ఆ ఫలితం 2013లోనే వెలువడింది, మందు మన షాపులకు రాకముందే.